ఈతకొలను కోసం తిప్పిన ఇల్లు

మొన్న సాయంత్రం మా వీధిలో ఉండే కుర్ర ఇంజనీరు ఒకతను వచ్చి కూర్చున్నాడు. ఖమ్మంలో ఎవరో పెద్దమనిషి ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ కావాలన్నాడట. "సార్, మీరు ఆ రోజుల్లోనే కట్టించారట కదా. పెరట్లో పూల్ కట్టాలంటే మొత్తం మీద ఎంతవుతుంది?" అని అడిగాడు.

"ఒక ఇల్లు అవుతుంది," అన్నాను.

నాది ముసలాయన చమత్కారం అనుకున్నాడు కాబోలు, నవ్వి, ఫోన్‌లో లెక్కలు వేసుకునే పేజీ తెరిచి, "అది కాదు సార్, చదరపు అడుగుకి?" అన్నాడు. నేను చమత్కరించలేదు. అతనికి చెప్పిందే మీకూ చెప్తాను. కాంక్రీటు పాళ్లు, ఇనుము లెక్కలు ఇంజనీర్లకు నాకన్నా బాగా తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. వాళ్ల పుస్తకాల్లో రాయని ఖర్చులు మాత్రం చెప్తాను.

తొంభైల మొదట్లో నేను కొత్తగూడెంలో ఒక బిల్డింగ్ కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజర్‌ని. సూపర్‌వైజర్ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. మేస్త్రీ తప్పు చేస్తే తిట్లు తినేది సూపర్‌వైజరు. ఇంజనీరు తప్పు చేసినా తిట్లు తినేది సూపర్‌వైజరే. ఎవరూ ఏ తప్పూ చేయని రోజున ఎండలో నిలబడి సిమెంటు బస్తాలు దింపించుకోవాలి. అలాంటి రోజులు తక్కువే కాబట్టి నేను పెద్దగా నల్లబడలేదు.

మణుగూరు వెళ్లే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట, ఒక బొగ్గు లారీల ఆసామి మేడ ఉండేది. వాళ్లది కృష్ణా డెల్టా వైపు. ముందు సత్తుపల్లి దగ్గర పొలాలు కొనుక్కుని వచ్చారు. గనులు పుంజుకునేసరికి ఆసామి నాగలి వదిలి స్టీరింగు పట్టాడు, ఆ తర్వాత స్టీరింగు కూడా డ్రైవర్లకు అప్పగించి సోఫాలో కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాడు. తల్లంటే ప్రాణం. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే అక్కడ జరిగిన వెర్రితనమంతా ఆ ప్రేమ పేరు మీదే జరిగింది.

ఆ తల్లిని అందరూ పెద్దావిడ అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను. చిన్నప్పుడు గేదె తోక పట్టుకుని కాలవ ఈదిన మనిషి. నోరు కూడా కాలవ లాగే, లాకులెత్తితే ఇక ఆగదు. అలాంటి మనిషి, కొడుకు కొత్తగా నున్నటి టైల్స్ వేయించిన బాత్రూములో జారిపడి మోకాలిచిప్ప పగలగొట్టుకుంది. ఆ టైల్స్ వేసింది కూడా మేమే, దాని గురించి అడగకండి. బెజవాడ డాక్టరు కట్టు విప్పి చూస్తే మోకాలు బిగుసుకుపోయి ఉంది. రోజూ నీళ్లలో దిగి కాలు ఆడించాలని, ఈ ఎండాకాలం వెళ్లేలోపు వంగితే వంగినట్టు, లేకపోతే ఆ కాలు ఇక కర్రేనని చెప్పి పంపించాడు.

"నాకేం పరుగు పందేలకి పోవాలని లేదయ్యా," అంది పెద్దావిడ నేను మొదటిసారి వెళ్లిన రోజున. "కింద కూర్చుని కత్తిపీట మీద నా కూర నేను తరుక్కోవాలి. కుర్చీలో కూర్చుని చాకుతో కోసిన కూర నాకు గొంతు దిగట్లేదు." ఆవిడ కోరిక మొత్తం అంతే. అది నెరవేరడానికి కావలసినవి కాసిని నీళ్లు.

నీళ్లు ఉన్నాయి కూడా. ఇంటి ముందు రోడ్డు దాటి, టేకు చెట్ల మధ్య నుంచి ఏటవాలుగా నడిస్తే వాగు వస్తుంది. దాని మలుపులో ఒక మడుగు, నడి వేసవిలో కూడా నడుము పైకి నీళ్లుండేవి. "నన్ను రోజూ ఆ వాగులో దింపరా నాన్నా, చాలు," అంది ఆవిడ నా ఎదుటే.

ఆసామి ముఖం మాడిపోయింది. "రోడ్డు మీద మన లారీలు ఇన్ని తిరుగుతుంటే మా అమ్మ వాగులో దిగుద్దా? నలుగురూ ఏవనుకుంటారు?" అని నా వైపు తిరిగాడు. హైదరాబాదులో అతని స్నేహితుడెవరో ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ కట్టించాడట. "అచ్చం అట్టాంటిదే, పెరట్లో పెట్టాలి. నెలలో అయిపోవాలి," అన్నాడు.

మా చుట్టుపక్కల అప్పటికి ఈతకొలను కట్టినవాడు లేడు, చూసినవాళ్లు కూడా తక్కువ. నేను భయపడుతూ మా కాంట్రాక్టరుకు చెప్తే ఆయన బీడీ ఆర్పకుండానే ధైర్యం చెప్పాడు. "నీళ్ల సంపులు ఎన్ని కట్టలేదయ్యా మనం? గిది కూడ సంపే. మూత పెట్టకుంటే స్విమ్మింగ్ పూలు, గంతే." ఆయన ఇంజనీరింగ్ చదవలేదు, అందుకే అన్ని విషయాలూ ఆయనకు స్పష్టంగా ఉండేవి.

మేడ తూర్పు ముఖం, రోడ్డు వైపు. పెరడు పడమట. పెరట్లో ఖాళీ జాగా ఉన్నది నైరుతి మూల. అక్కడే ముగ్గు పోసి తవ్వకం మొదలుపెట్టాం. మనిషి ఎత్తు గొయ్యి తయారైన రోజున ఆసామి బావమరిది ఒక వాస్తు సిద్ధాంతిని జీపులో పంపించాడు. ఆ రోజుల్లో మా వైపు మలేరియా తర్వాత ఎక్కువమందికి సోకిన జ్వరం వాస్తే. రాత్రికి రాత్రి తలుపులు గోడలయ్యేవి, గోడలు తలుపులయ్యేవి. కొందరి ఇళ్లకు మూడు నెలల తర్వాత వెళ్తే ఎటునుంచి లోపలికి పోవాలో తెలిసేది కాదు.

సిద్ధాంతి గారు పట్టు పంచె, చేతిలో దిక్సూచితో పెరట్లోకి వచ్చారు. గోతిలోకి తొంగి చూసి, పాము కనబడ్డట్టు వెనక్కి జరిగారు.

"ఎవరండీ ఇక్కడ తవ్వమన్నది?"

అందరూ నన్ను చూశారు. చెప్పాను కదా, సూపర్‌వైజర్ అంటే అదే.

"నైరుతిలో పల్లం! యజమాని తన గొయ్యి తాను తవ్వుకున్నట్టే," అన్నారాయన. ఆసామి టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ పూటే పూడ్చమన్నాడు. పొద్దున దాకా మట్టి పైకి మోసిన కూలీలు మధ్యాహ్నం నుంచి అదే మట్టి కిందికి మోశారు. నాకు ఒళ్లు మండి కాంట్రాక్టరు దగ్గర చిందులు తొక్కితే ఆయన నన్ను చూసి జాలిపడ్డాడు. "నీకెందుకు గింత కోపం? తవ్వితె తవ్వినందుకు బిల్లు, పూడిస్తె పూడ్చినందుకు బిల్లు. మన పనే మట్టి జరుపుడు."

ఇక ఎక్కడ తవ్వాలి? సిద్ధాంతి గారి దగ్గర సందేహమే లేదు. నీళ్లు ఉండవలసింది ఈశాన్యంలో. ఆ ఇంటికి ఈశాన్యం అంటే ముందు వాకిలి పక్కన, రోడ్డును ఆనుకుని. సరే అక్కడే ముగ్గు పోయబోతే ఆయనే మళ్లీ ఆపారు. సింహద్వారం ఎదుట గొయ్యి ఉండకూడదట. ఆసామి తల గోక్కుని, "నేను ముందు నుంచీ అడిగేది పెరట్లోనే కదండీ," అన్నాడు.

సిద్ధాంతి గారు కళ్లు మూసుకుని కొంచెంసేపు ఆలోచించారు. "అలాగైతే పెరడే ఈశాన్యానికి రావాలి," అన్నారు.

"పెరడు నడిచొస్తుందాండీ?" అన్నాను నేను, నోరు ఊరుకోక.

"సింహద్వారం మూసి పడమటికి తెరవండి. వెనక భాగం ముందవుతుంది, ముందు భాగం వెనకవుతుంది. అప్పుడు ఈశాన్యం పెరట్లోనే ఉంటుంది కదా!"

తర్కంలో లోపం పట్టుకుందామని నేను చాలా ప్రయత్నించాను. దొరకలేదు. ఆసామి ముఖం వెలిగిపోయింది.

మనవాళ్లు ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. ఇల్లు తిప్పి చూడు అనలేదు, ఎందుకంటే అలాంటి రోజు వస్తుందని పాపం వాళ్లు ఊహించి ఉండరు. తూర్పు వాకిలి ఇటుకలతో మూశాం. పడమట వంటింటి పక్క గోడ పగలగొట్టి టేకు ద్వారబంధం నిలబెట్టాం. వాకిలి మారింది కాబట్టి వరండా పోయింది. వరండా పోయింది కాబట్టి దాని మీద గది కూడా పోయింది. మేడ మెట్లు కొత్త వాకిలికి అడ్డం వచ్చాయి కాబట్టి వాటిని కొట్టేసి ఇంకోవైపు కట్టాం. దేవుడి గది హాల్లోకి, హాలు పడగ్గదిలోకి వచ్చాయి. ఆసామి మంచం ఎక్కడా పట్టక కొన్నాళ్లు లారీ షెడ్డులో పడుకున్నాడు. ఆ నెలల్లో ఆ ఇంట్లో ఈతకొలను అనే మాట ఎవరూ ఎత్తలేదు, ఒక్క పెద్దావిడ తప్ప.

ఆవిడ దుమ్ములో కుర్చీ వేసుకుని, బిగిసిన కాలు స్టూలు మీద చాపుకుని, మా సుత్తి దెబ్బలు వింటూ కూర్చునేది. ఎండలు అప్పటికే ముదురుతున్నాయి. "ఏవయ్యా సూపర్‌వైజరూ," అనేది నన్ను చూడగానే, "ఇల్లు తిరిగింది, మెట్లు తిరిగాయి. నా మోకాలెప్పుడు తిరుగుద్దో కాస్త మీ సిద్ధాంతిని అడుగు." నేను నవ్వేవాణ్ణి కానీ, ఆవిడ లేవబోయి కుర్చీ చెయ్యి పట్టుకుని పళ్లు బిగించిన ప్రతిసారీ నాకు నవ్వు ఆగిపోయేది. డాక్టరు పెట్టిన గడువు కరిగిపోతోంది, మేమేమో ద్వారబంధానికి పసుపు రాస్తున్నాం. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మేస్త్రీల మీద చూపించేవాణ్ణి.

ఇల్లు తిరిగిన తర్వాత ఒక విషయం బయటపడింది. రోడ్డు తిరగలేదు. అది మొదట్నుంచీ ఉన్న చోటే, తూర్పునే ఉంది. వచ్చిన చుట్టాలు గేటు తీసుకుని వస్తే ఎదురుగా మూసిన గోడ. ఇంటి చుట్టూ సగం ప్రదక్షిణం చేస్తే గానీ గుమ్మం దొరికేది కాదు. ఇక కొత్త పెరడు, అంటే పాత ముంగిలి, బస్సుల వాళ్లకూ బొగ్గు లారీల వాళ్లకూ బాహాటంగా కనబడుతోంది. గోడ ఎత్తు పెంచుదామంటే ఈశాన్యం గోడ ఎత్తు ఉండరాదన్నారు సిద్ధాంతి గారు. మరి పెద్దావిడ దిగేటప్పుడు మరుగు? ఆసామి ఆలోచించి, లారీల మీద బొగ్గుకు కప్పే టార్పాలిన్ పట్టాలు కర్రలకు కట్టిద్దామన్నాడు.

దాదాపు ఆ రోజుల్లోనే పెద్దావిడ తెల్లవారుతూనే చేతికర్రతో బయటికి వెళ్లడం మొదలుపెట్టింది. పాలు పోసే ఆమె వెంట ఉండేది. ఆ పాలామె భర్త గనిలో పని చేసేవాడు, వాళ్లు రోడ్డుకు అవతల కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లు. ఒకరోజు సిద్ధాంతి గారు ముహూర్తాలు చూస్తూ కూర్చుని ఉండగా, పెద్దావిడ ఎండెక్కాక తిరిగొచ్చింది. ఆసామి కంగారుగా లేచాడు.

"ఎక్కడికెళ్లావమ్మా ఈ కాలుతో?"

పెద్దావిడ ఒక్క క్షణం కొడుకును చూసింది, మరో క్షణం సిద్ధాంతిని చూసింది. "సిద్ధాంతి గారే చెప్పారు కదరా. రోజూ పొద్దు పొడిచే వేళకి ఈశాన్యంగా నడవమని. నడిచొస్తున్నా."

సిద్ధాంతి గారు తలెత్తారు. ఆయన ఆ ఇంట్లో అప్పటికి ఎన్ని విషయాలు చెప్పారో ఆయనకే గుర్తుండే అవకాశం లేదు. గడ్డం సవరించుకుని, "అవునవును, చెప్పాను. చాలా మంచిది. మానకండి," అన్నారు. పెద్దావిడ కొంగుతో మూతి తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆ మూతి తుడుచుకోవడంలో నాకు ఏదో అనుమానం వచ్చింది గానీ, అప్పుడు నా బుర్రంతా ఇసుక మీద ఉంది.

గొయ్యి ఈశాన్యంలో తవ్వేశాం, ఇక కాంక్రీటుకు ఇసుక కావాలి. కాంట్రాక్టరు వాగు మలుపు చూసి రమ్మన్నాడు, మర్నాటి నుంచి ట్రాక్టర్లు దింపుతానన్నాడు. పొద్దున్నే వెళ్లాను. టేకు చెట్ల సందులోంచి చూస్తే మడుగులో ఒక గేదె తీరిగ్గా నడుస్తోంది. దాని పలుపు పట్టుకుని పాలామె ఒడ్డున నిలబడింది. గేదె వెనక, తోక రెండు చేతుల్తో పట్టుకుని, నీళ్లలో కాళ్లాడిస్తూ పెద్దావిడ వస్తోంది.

పాలామె నన్ను చూసి గట్టిగా అరిచింది. "అయ్యో, సూపర్‌వైజర్ సారు! అటు తిరుగు సారూ, పెద్దమ్మ నీళ్లల్ల ఉన్నది!"

టక్కున వెనక్కి తిరిగాను. ఆ తర్వాత మాట్లాడిందంతా నేను ఒక టేకు చెట్టుతో మాట్లాడినట్టే మాట్లాడాను.

"మావాడికి చెప్తావటయ్యా?" అంది పెద్దావిడ వెనక నుంచి.

"చెప్పనండీ. నేను ఇసుక చూడ్డానికి వచ్చాను."

"ఏం ఇసుక?"

"కొలనుకండీ. రేపటి నుంచి ఇక్కడ ట్రాక్టర్లు దిగుతాయి."

నీళ్ల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి ఆవిడ నవ్వు వినబడింది, అందులో సరదా లేదు. "నేను ఈదే మడుగు తవ్వి, ఆ ఇసుకతో నాకు ఈతకొలను కడతారా! బాగుంది నాయనా. చెప్పులు అమ్మి కాళ్లకి లేపనం కొన్నట్టుంది."

"సారూ," అంది పాలామె, "నాకు తెలిసినకాడికి చెప్తున్న. పెద్దమ్మ కాలు గిప్పుడిప్పుడే జర వంగుతాంది. మొదటి దినం నా బర్రె కదిలితె పెద్దమ్మ ఏడ్చింది. గిప్పుడు బర్రెనే నడిపిస్తాంది. ట్రాక్టర్లు దిగినయంటే మడుగంత అడుసైతది. ఇంకొన్ని దినాలు ఆగుండ్రి."

"గేదె అనవే అంటే వినదు," అంది పెద్దావిడ. "బర్రె అంటే దానికి కోపం వస్తుంది."

"అది పుట్టినప్పటి సంది బర్రెనే అమ్మా. దాన్నే అడుగు."

వాళ్లిద్దరూ అలా వాదించుకుంటుంటే నేను చెట్టు బెరడు చూస్తూ నిలబడ్డాను. ఆ ఇంటి దగ్గర అంతమంది మనుషులం, అంత సిమెంటు, అంత గోల. ఆవిడ కాలు కోసం నిజంగా ఏదైనా పని చేస్తున్నది ఆ గేదె ఒక్కటే.

సైటుకు వెళ్లి కాంట్రాక్టరుతో ఆ మలుపు ఇసుక పనికిరాదని, ఒండ్రు ఎక్కువగా కలిసిందని చెప్పాను. ఆయన స్వయంగా వెళ్లి గుప్పెడు తెచ్చి అరచేతిలో నలిపి చూశాడు. "ఏడుంది ఒండ్రు? నాకు కనిపిస్తలేదే."

"నాకు కనిపిస్తోంది," అన్నాను.

నా ముఖంలోకి కాసేపు చూశాడు. ఏమర్థమైందో మరి, ఏమీ అడగలేదు. "సరే తియ్. కింది రేవు నుంచి తెప్పిద్దాం. ట్రాక్టరు కిరాయి ఎట్లైన ఆసామి మీదనే," అన్నాడు. కాబట్టి ఆ ఈతకొలను ఖర్చులో ఒక అబద్ధం తాలూకు డీజిలు కూడా కలిసిందని నమోదు చేసుకోండి.

ఎండలు మండిపోతుండగా కొలను పూర్తయింది. లోపలికి దిగే మెట్లు ముసలామెకు తేలికగా ఉండాలని నేను చిన్నచిన్నవిగా ఆరు గీశాను. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్నారు సిద్ధాంతి గారు. ఏడు పెడదామంటే చోటు చాలలేదు, అయిదు పెట్టాం. ఒక్కో మెట్టు ఎత్తు ఎంతయిందంటే, మంచి కాళ్లున్న మేస్త్రీ కూడా గోడ పట్టుకుని దిగాడు. నీలం రంగు వేశాం. చుట్టూ టార్పాలిన్ పట్టాలు కట్టాం. బోరు నీళ్లు వదిలాం. ముహూర్తం మర్నాడు ఉదయం.

ఆ రోజు చుట్టుపక్కల లారీ ఓనర్లంతా వచ్చారు. కొత్త గుమ్మం వెతుక్కుంటూ ఇల్లంతా చుట్టి రావడంతో సగంమంది వచ్చేసరికే చెమటలు కక్కుతున్నారు. ఆసామి పట్టా పక్కకు లాగాడు. అందరం కొలను వైపు చూశాం.

నీళ్లు నల్లగా ఉన్నాయి. ముందు రోజంతా రోడ్డు మీద బొగ్గు లారీలు తిరిగాయి, వాటిలో సగం ఆసామివే. వేసవి గాలికి లేచిన మసి, పాత బొగ్గు పట్టాల నుంచి రాలిన మసి, మొత్తం వచ్చి ఈశాన్యంలో చేరింది. నీలం రంగు ఎక్కడో అడుగున ఉందేమో నాకు తెలియదు. ఇంతమందిమి రోజూ అదే రోడ్డు పక్కన నిలబడి పని చేశాం, సాయంత్రం ముక్కు చీదితే నల్లగా వచ్చేది, అయినా ఒక్కడికీ ఆ ఆలోచన రాలేదు. దిక్కులన్నీ చూసుకున్నాం గానీ గాలి ఎటు నుంచి వీస్తుందో చూడలేదు.

పెద్దావిడ కర్ర పట్టుకుని అంచుదాకా వచ్చి వంగి చూసింది. "ఇదేంట్రా, కాఫీ డికాషనా?"

"పైపైన తేలుతోందమ్మా, తీయించేస్తా. నువ్వు కుడికాలు పెట్టి దిగు," అన్నాడు ఆసామి. అతని ముఖం చూస్తే నాకే జాలేసింది. ఇల్లంతా పగలగొట్టుకున్నది ఈ ఒక్క నిమిషం కోసం.

"దిగుతాను గానీ, మా గేదె ఏది?"

"గేదేంటమ్మా?"

"నా డాక్టరు. దాన్ని కూడా దింపితే దిగుతా."

సిద్ధాంతి గారు గబుక్కున ముందుకు వచ్చారు. "అది యముడి వాహనమండీ! ఈశాన్య జలంలో దిగకూడదు. కావాలంటే దక్షిణం వైపు కట్టుకోవచ్చు."

అప్పుడు పెద్దావిడ కర్ర నా చేతికిచ్చింది. చీర కుచ్చెళ్లు సర్దుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఆ కొలను గట్టు మీద నెమ్మదిగా కూర్చుంది. కూర్చుని రెండు కాళ్లూ మడిచి బాసింపట్టు వేసింది. మోకాలు వంగింది. పూర్తిగా, కత్తిపీట ముందు కూర్చున్నట్టు వంగింది. ఆసామి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"ఒరేయ్, అందరూ వినండి," అంది పెద్దావిడ. "నా కాలు బాగైంది ఈ డికాషన్లో కాదు. రోజూ తెల్లారకుండా వాగులో దిగాను. ఈ పాలామె తన గేదె తోక నా చేతికిచ్చి ఈదించింది. దండ వేస్తే దానికి వెయ్యండి."

వెనక ఎక్కడో పాలామె "అయ్యో పెద్దమ్మా" అంటూ కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ఇంటి పాల ఖాతా పోతుందని ఆమె భయం. ఇక వాస్తు పని అయిపోయింది, ఇప్పుడు సిద్ధాంతి ఏ మొహం పెట్టుకుంటాడో చూద్దామని నేను ఆత్రంగా తల తిప్పాను. ఇంతకాలం మింగిన కోపానికి ఇవాళ ఫలితం దక్కుతుందనుకున్నాను.

సిద్ధాంతి గారు చిరునవ్వుతో ఉన్నారు. "వాగు ఏ దిక్కున ఉందండీ ఈ ఇంటికి?" అని అడిగారు.

అందరూ రోడ్డు దాటి టేకు చెట్ల వైపు చూశారు. ఆసామి కళ్లు తుడుచుకుంటూ చూశాడు. అతని జేబులో కూడా అప్పటికి ఒక దిక్సూచి ఉండేది. తీసి చూసి, "ఈశాన్యం!" అన్నాడు.

"రోజూ పొద్దు పొడిచే వేళకి ఈశాన్యంగా నడవమని అమ్మగారికి చెప్పింది ఎవరండీ? నేనే కదా. ఆ మాట అమ్మగారే మీ ముందు అన్నారు."

ఇక ఆపేవాడెవడు? ఆసామి ఆయన కాళ్ల మీద పడ్డాడు. శాలువా వచ్చింది. లారీ ఓనర్లు ఒకరినొకరు తోసుకుంటూ, మా ఇల్లు ఎప్పుడు చూస్తారండీ అని అడగసాగారు. పెద్దావిడ నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఆవిడ నోటికి మాట దొరకకపోవడం నేను చూసింది అదొక్కసారే. తన మాటను తనే ఎలా కాదంటుంది?

జనం భోజనాలకు కదిలాక నన్ను చెయ్యి పట్టి లేపమంది. లేస్తూ నా చెవి దగ్గర గొణిగింది. "చూశావటయ్యా, నా అబద్ధం నాకన్నా బాగా ఈదుతోంది."

తర్వాతి కథ చెప్పడానికి పెద్దగా లేదు. మసి తేలిన ఆ నీళ్లను రెండుమూడు సార్లు తోడించి విసిగిపోయి వదిలేశారు. వానాకాలంలో కప్పలు చేరాయి, ఆ పై ఏడాది అందులో పాత లారీ టైర్లు వేసుకున్నారు. పెద్దావిడ మాత్రం వాగుకు వెళ్లడం మానలేదు, ఇప్పుడది సిద్ధాంతి గారి వైద్యం కాబట్టి కొడుకే గొడుగిచ్చి పంపేవాడు. పాలామె ఖాతా పోలేదు. పైగా గేదెకు ఆ ఇంటి నుంచి రోజూ తవుడు వెళ్లేది, దక్షిణం వైపు గేటు నుంచే అనుకోండి. ఒకరోజు నన్ను పిలిచి పెద్దావిడ తన ఎదుట పీట వేయించింది. కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరిగి, కూర చేసి, వడ్డించింది. "తిను, కింద కూర్చుని తరిగిన కూర," అంది. ఉద్యోగంలో నాకు అందిన బహుమానాల్లో నాకు గుర్తున్నది అదే.

మా కాంట్రాక్టరుకైతే పంట పండింది. ఆ రోడ్డు మీద ఇంకెన్ని ఇళ్లు తిప్పామో నేను చెప్పను, వాటిలో కొన్ని ఇప్పటికీ రోడ్డుకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాయి. కొన్నాళ్లు నన్ను అందరూ ఇళ్లు తిప్పే సూపర్‌వైజరు అనే పిలిచేవాళ్లు. తప్పదు, ఎవరి తిండి వాళ్లు తినాలి కదా.

ఇదంతా ఆ కుర్ర ఇంజనీరుకు పూసగుచ్చినట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మధ్యమధ్య నవ్వాడు కూడా. ఈ కాలం పిల్లలు తెలివైనవాళ్లు, నేను చెప్పదలచుకుంది వీడికి అర్థమైంది అనుకుని నాకు సంతోషం వేసింది. అతను ఫోన్‌లో ఏదో రాసుకుని లేచాడు.

"ఏం రాసుకున్నావు బాబూ?"

"ఏం లేదు సార్, పాయింటు," అన్నాడు. "కొలను నీళ్లు పనికిరాకపోయినా, చివరికి ఈశాన్యం నీళ్లతోనే కాలు నయమైంది కదా. మా క్లయింటుకు చెప్తాను."

అతను వెళ్లిపోయాడు. పెద్దావిడ ఇప్పుడు లేదు. ఆ వాగు మలుపు కూడా ఉందో లేదో తెలియదు. ఆవిడ అబద్ధం మాత్రం ఇంకా ఈదుతూనే ఉంది.